డ్రగ్ టెస్టులో పాజిటివ్ వచ్చి ఉద్యోగం పోయింది, హెచ్-1బి మీద ఉన్నాను

నిద్రపట్టనివాడు (డల్లాస్ పరిసరాలు)

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇంకెక్కడా చెప్పుకోలేక రాస్తున్నాను, పొడుగైతే ఏమనుకోకండి.

మనవాళ్ళ కన్సల్టెన్సీలో హెచ్-1బి వర్క్ వీసా. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయ్యి రెండేళ్ళు దాటింది. పాత ప్రాజెక్టు అయిపోయాక ఒక హాస్పిటల్ గ్రూపులో ఇంటర్వ్యూలు అన్నీ క్లియర్ చేశాను. ఆన్‌బోర్డింగ్‌లో బ్యాక్‌గ్రౌండ్ చెక్‌తో పాటు యూరిన్ టెస్టు, 10 ప్యానెల్ (పది రకాల డ్రగ్స్ కోసం చూసేది). ఇంతకు ముందు బ్యాంకు ప్రాజెక్టుకి కూడా ఇచ్చాను కాబట్టి టెన్షనే పడలేదు. వెళ్ళాను, కప్పు ఇచ్చాను, వచ్చేశాను.

నాకు రాత్రి పూట ఆఫ్‌షోర్ కాల్స్ మూలంగా నిద్ర పూర్తిగా పాడైంది. తెల్లారి మూడింటికి పడుకుంటే ఆరింటికే మెలకువ. మా ఇంటి దగ్గర స్మోక్ షాపులో నిద్రకని గమ్మీలు అమ్ముతారు. డబ్బా మీద హెంప్ అని, అన్ని చోట్లా లీగల్ అని రాసి ఉంటుంది. రాత్రికి ఒకటి వేసుకునేవాణ్ణి. మా వాడి విటమిన్ గమ్మీలతో కలిసిపోతుందేమోనని ఫ్రిజ్ పైన, కుక్కర్ వెనకాల పెట్టేవాణ్ణి. అంతే తప్ప దాన్ని డ్రగ్ అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

తర్వాత ఎవరో డాక్టరు ఫోన్ చేసి, టీహెచ్‌సీ (గంజాయిలో మత్తు పదార్థం) పాజిటివ్ వచ్చింది, ప్రిస్క్రిప్షన్ ఏమైనా ఉందా అని అడిగాడు. లేదన్నాను. గమ్మీల సంగతి చెప్పబోతే అది లెక్కలోకి రాదన్నాడు. రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. మర్నాడు క్లయింటు వద్దంది, ఆ సాయంత్రమే మా కంపెనీ హెచ్ఆర్ టెర్మినేషన్ మెయిల్ పంపింది.

ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున బెడ్‌రూమ్‌లో తలుపేసుకుని, హెడ్‌సెట్ పెట్టుకుని, ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంటున్నాను. మధ్యలో మా ఆవిడ టీ తెచ్చి, కాల్‌లో ఉన్నాననుకుని చప్పుడు చెయ్యకుండా పెట్టి వెళ్తుంది. నాన్న ఫోన్ చేస్తే పని బిజీ అంటున్నాను.

ఉద్యోగం పోయాక ఇక్కడ ఉండటానికి ఇచ్చే 60 రోజుల లెక్క ఎప్పటి నుంచి? ఈ రిజల్టు నా వెనకాలే వస్తుందా? గ్రీన్‌కార్డు పోయినట్టేనా? ఏది ముందు చెయ్యాలో బుర్ర పనిచెయ్యడం లేదు.

పత్రాలపంతులు (ఎడిసన్)

నేను లాయర్ని కాను, ఇమిగ్రేషన్ లాయరు ఆఫీసులో ఫైళ్ళు చూసేవాణ్ణి. కాబట్టి ఇది సలహా అనుకోకుండా, లాయర్ని ఏం అడగాలో తెలుసుకోవడానికి చదవండి.

60 రోజులు మీ ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి మొదలు. ఉద్యోగం ముగిసిన రోజంటే మామూలుగా మీకు జీతం లెక్కగట్టిన ఆఖరి రోజు. మెయిల్ వచ్చిన తేదీ, ఆఖరి పేస్టబ్‌లో ఉన్న తేదీ వేరువేరుగా ఉండొచ్చు. హెచ్ఆర్ నుంచి ఆఖరి పనిదినం ఏదో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకో మాట, మీ ఐ-94 (ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) గడువు అంతకంటే ముందే అయిపోతే అదే లెక్క, 60 పూర్తిగా రావు.

ఈ గడువు లోపల కొత్త కంపెనీ వేసిన పిటిషన్ యూఎస్‌సీఐఎస్‌కి (ఇమిగ్రేషన్ శాఖకి) చేరాలి. అప్రూవల్ రానక్కర్లేదు, చేరితే చాలు, మీరు పనిలో చేరొచ్చు. కానీ అంతకు ముందు లేబర్ డిపార్ట్‌మెంటు నుంచి ఎల్‌సీఏ (జీతం, పని చోటు గురించి కంపెనీ వేసే దరఖాస్తుకి ఆమోదం) రావాలి, దానికే 7 పనిదినాలు. మీ నుంచి డాక్యుమెంట్లు, వాళ్ళ సంతకాలు, కొరియరు అన్నీ కలుపుకుంటే చివరి రెండు మూడు వారాలు మీవి కావు. 60 అని కాకుండా 40 అని లెక్కేసుకోండి.

ఐ-140 అప్రూవ్ అయ్యి 180 రోజులు దాటింది కాబట్టి మీ కంపెనీ వెనక్కి తీసుకున్నా మీ ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు క్యూలో మీ స్థానం చెప్పే తేదీ) మీదే. ఫ్రాడ్ లాంటివి బయటపడితే తప్ప అది పోదు. అప్రూవల్ నోటీసు కాపీ మీ దగ్గర లేకపోతే ఈ రోజే అడగండి, సంబంధాలు ఇంకా చెడకముందే.

ఒకవేళ తిరిగి వెళ్ళాల్సి వస్తే, పిటిషన్ గడువు తీరకముందే కంపెనీ తీసేసింది కాబట్టి మీ విమానం ఖర్చు వాళ్ళు భరించాలి. కారణం ఏదైనా సరే. మీ ఒక్కరికే, కుటుంబానికి కాదు. మన కన్సల్టెన్సీలు ఈ సంగతి వాళ్ళంతట వాళ్ళు చెప్పవు.

అన్నిటికంటే ముఖ్యం. ఆ గమ్మీల డబ్బా పారెయ్యకండి. లేబుల్ అన్ని వైపులా ఫోటోలు తీయండి. కొన్న బిల్లు, కార్డు స్టేట్‌మెంటు దాచండి. 2018 ఫార్మ్ బిల్లు ప్రకారం డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం మించని హెంప్‌ని (గంజాయి మొక్కలోనే మత్తు తక్కువ రకాన్ని) నియంత్రిత పదార్థాల జాబితా నుంచి తీసేశారు. మీరు తిన్నది అదే అయితే మీరు ఫెడరల్ చట్టాన్ని మీరారా లేదా అన్నది లాయరు తేల్చాల్సిన విషయం. అందుకే హెచ్ఆర్‌కి క్షమాపణ మెయిల్ రాస్తూ "గంజాయి వాడాను" లాంటి మాట ఎక్కడా రాయకండి. ఈ దేశంలో ఇమిగ్రేషన్ వాళ్ళకి శిక్ష పడటమే అక్కర్లేదు, నేరం చేశానని మనమే ఒప్పుకున్నా చాలు.

డల్లాస్_పెద్దనాన్న

ఇరవై ఏళ్ళ నుంచి ఇక్కడ ఉన్నాను. మా రోజుల్లో ప్రాజెక్టు లేక గెస్ట్‌హౌస్‌లో పదిమంది పప్పన్నం తిని పడుకున్నాం, నిద్ర పట్టలేదని ఇలాంటివి మింగలేదు. స్మోక్ షాపులోకి ఎందుకు వెళ్ళారు? అక్కడేం అమ్ముతారో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. తల్లిదండ్రులు పొలం అమ్మి పంపిస్తే ఇదా మీరు చేసేది? పైగా లీగల్ అట.

హెచ్4_వంటిల్లు (ఫ్రిస్కో)

పెద్దనాన్నగారూ, పొలం అమ్మినట్టు ఆయన ఎక్కడా రాయలేదు, మీరే కలిపారు. నిద్ర పట్టక మనిషి నలిగిపోతుంటే మందు కొనుక్కున్నాడు. మన అపార్ట్‌మెంట్ల కింద లిక్కర్ షాపు ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు, శనివారం రాత్రి బార్బెక్యూల్లో ఎవరేం తాగుతున్నారో నాకూ తెలుసు.

అన్నా, మీకు ఒక్క మాట. నేను హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా). మా ఆయనకి 2023లో లేఆఫ్ అయితే మూడో రోజే చెప్పాడు, అయినా ఆ మూడు రోజుల గురించి ఇప్పటికీ దెప్పుతుంటాను. మీ ఆవిడ స్టేటస్ మీ స్టేటస్ మీదే ఆధారపడి ఉంది. మీ గడువు ముగిస్తే ఆమెది కూడా ముగుస్తుంది. అంటే ఇది మీ ఒక్కరి రహస్యం కాదు, ఆమె కాగితాల సంగతి కూడా. అద్దె లీజు, పిల్లాడి స్కూలు, ఇండియాకి పంపే డబ్బులు, వీటి మీద ఆమె కూడా లెక్క వేసుకోవాలి కదా. టీ పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్తోందని చదివి నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇంకోటి. మీ ఆవిడ లింక్డిన్ చూసినా, మీ కొలీగ్ భార్య కాస్ట్‌కోలో కనబడినా విషయం బయటపడుతుంది. ఆ నోటా ఈ నోటా వినే కంటే మీ నోటితో వినడమే నయం.

మందులషాపు_అక్క (న్యూజెర్సీ)

నేను ఫార్మసిస్టుని. ఈ ప్రశ్న కౌంటర్ దగ్గర వారానికి ఒక్కరైనా అడుగుతారు, ఎక్కువగా మనవాళ్ళే, గొంతు తగ్గించి తెలుగులో.

టెస్టులో వెతికేది టీహెచ్‌సీని కాదు, లివరు దాన్ని మార్చాక మిగిలే పదార్థాన్ని. అది కొవ్వులో చేరుతుంది, మెల్లగా బయటికి వస్తుంది. ఎప్పుడో ఒకసారి తిన్నవాళ్ళకి కొద్ది రోజుల్లో పోతుంది. రోజూ రాత్రి వేసుకున్నవాళ్ళకి మానేశాక కూడా వారాల తరబడి కనబడుతుంది, నెల దాటినా ఆశ్చర్యం లేదు. మొదటి స్క్రీనింగ్‌లో సాధారణంగా మిల్లీలీటరుకి 50 నానోగ్రాములు దాటితే పాజిటివ్ అంటారు. అప్పుడు ఇంకా కచ్చితమైన పద్ధతిలో మళ్ళీ చూస్తారు, అక్కడ హద్దు 15. కాబట్టి మెషీన్ పొరపాటు పడిందేమో అన్న ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు.

మీకు ఫోన్ చేసిన డాక్టర్ని మెడికల్ రివ్యూ ఆఫీసర్ అంటారు. ఆయన చూసేది ఒక్కటే, చెల్లుబాటయ్యే ప్రిస్క్రిప్షన్ ఉందా లేదా. షాపులో కొన్న హెంప్ సరుకు, సీబీడీ (అదే మొక్కలోని మత్తు ఎక్కించని పదార్థం) నూనె ఆయన దృష్టిలో కారణాలు కావు. అమెరికా రవాణా శాఖ 2020 ఫిబ్రవరిలో ఈ మాట నోటీసుగానే ఇచ్చింది. డెల్టా-8 (టీహెచ్‌సీలోనే ఇంకో రకం) అని అమ్మేవి కూడా అదే టెస్టులో పట్టుబడతాయి. సీబీడీ మాత్రమే, టీహెచ్‌సీ సున్నా అని రాసిన డబ్బాల్లో కూడా టీహెచ్‌సీ దొరికిన సందర్భాలు బోలెడు. డబ్బా మీద లీగల్ అని రాస్తారు గానీ టెస్టులో దొరకదని ఎవరూ రాయరు, గమనించారా?

నిద్ర సంగతి. గమ్మీలు ఒక్కసారిగా మానేస్తే మొదటి వారం నిద్ర ఇంకా పాడవుతుంది, విసుగు, చెమటలు, పిచ్చి కలలు వస్తాయి. చాలామందికి రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఉద్యోగం పోయిన దిగులు, ఇది, రెండూ ఒకేసారి పడ్డాయి మీకు. అంతా ఉద్యోగం వల్లే అనుకోకండి, కొంత శరీరం పని. దీర్ఘకాలం నిద్ర పట్టనివాళ్ళకి మాత్రల కంటే ముందు సీబీటీ-ఐ అనే పద్ధతి చెప్తారు, పడుకునే వేళలు, అలవాట్లు మార్చడం. వెటరన్స్ శాఖ వాళ్ళ ఇన్సోమ్నియా కోచ్ యాప్ ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు.

ఎమ్మెస్_మిస్సోరి

అన్నా, ఆన్‌లైన్‌లో డీటాక్స్ డ్రింక్ దొరుకుతుంది, నా రూమ్మేట్ వాడాడు. ఇంకా సింథటిక్... [మిగతా భాగం మోడరేటర్ తొలగించారు]

మోడరేటర్

టెస్టుని మోసం చేసే చిట్కాలు ఇక్కడ రాయొద్దు. ఇంకోసారి రాస్తే అకౌంటు ఆగిపోతుంది.

మందులషాపు_అక్క

తమ్ముడూ, టెక్సస్‌లో డ్రగ్ టెస్టు ఫలితాన్ని మార్చడానికి ఏదైనా వాడటమే నేరం, క్లాస్ బి మిస్‌డిమీనర్. ఇప్పటివరకు ఈయనకి పోయింది ఉద్యోగమే. నీ సలహా వింటే క్రిమినల్ రికార్డు కూడా వస్తుంది, వీసా మీద ఉన్న మనిషికి. ఇక ఆ డ్రింకులంటావా, అవి తాగి లీటర్ల కొద్దీ నీళ్ళు తాగమంటారు. ల్యాబులో క్రియాటినిన్ (మూత్రంలో మామూలుగా ఉండే వ్యర్థ పదార్థం) చూస్తారు, డెసిలీటరుకి 20 మిల్లీగ్రాముల కంటే తగ్గితే పల్చబడింది అని రాస్తారు. అప్పుడు మళ్ళీ పిలుస్తారు, ఒక్కోచోట పిలవరు కూడా.

పద్దెనిమిది_చక్రాలు (స్టాక్టన్, కాలిఫోర్నియా)

మాది తణుకు. ఇక్కడ ట్రక్కు నడుపుతాను. మనవాళ్ళలో తక్కువ, అంతా పంజాబీ భాయిలే. నాకూ రాండమ్ టెస్టులో ఇదే వచ్చింది, అందుకే రాస్తున్నా.

కాలిఫోర్నియాలో 2024 జనవరి 1 నుంచి చట్టం ఉంది, డ్యూటీ బయట గంజాయి వాడినందుకు, ఒంట్లో మిగిలిపోయిన ఆనవాలు చూసి ఉద్యోగం తీసెయ్యకూడదని. పేపర్లో చదివి నేనూ సంబరపడ్డా. కానీ అది మా ట్రక్కువాళ్ళకి వర్తించదు, మాది ఫెడరల్ రూలు. మా పాజిటివ్‌లు అన్నీ క్లియరింగ్‌హౌస్ అనే డేటాబేస్‌లోకి ఎక్కుతాయి, 2020 నుంచి ఉంది. ఏ కంపెనీకి వెళ్ళినా ముందు అదే చూస్తారు. 2024 నవంబరు నుంచి అయితే లైసెన్సు కూడా దింపేస్తున్నారు.

నీ టెస్టు అలాంటిది కాదు బాసూ. నీ రిజల్టు ఆ క్లయింటు దగ్గర, మీ కంపెనీ దగ్గర ఉంటుంది. దేశమంతా చూసే డేటాబేస్ సాఫ్ట్‌వేరు వాళ్ళకి లేదు. ఆ విషయంలో నువ్వు నాకంటే నయం.

నేనేం చేశానంటే, ఎస్ఏపీ అని ఒక కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాలి, డబ్బు మనదే. ఆవిడ చెప్పిన క్లాసులు చేశా. తర్వాత రిటర్న్ టు డ్యూటీ టెస్టు, మనిషి ఎదురుగా నిలబడి చూస్తుండగా ఇవ్వాలి. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. తర్వాత మొదటి 12 నెలల్లో చెప్పకుండా కనీసం 6 టెస్టులు. ఈ మధ్యకాలంలో ఇండియన్ గ్రోసరీలో బియ్యం బస్తాలు మోశా. ఒకాయన నన్ను గుర్తుపట్టి "ఏంటి, ట్రక్కు అమ్మేశావా" అని అడిగాడు. నడుం నొప్పి అని చెప్పా, బస్తా భుజాన పెట్టుకునే. ఇప్పుడు మళ్ళీ నడుపుతున్నా.

ఆ కౌన్సిలర్ తాగుడు గురించి, గంజాయి గురించి అడుగుతుందని వెళ్తే, మొదటి రోజంతా నువ్వు ఎన్ని గంటలు పడుకుంటావు, ఎవరితో మాట్లాడతావు అనే అడిగింది. అలా నన్ను ఎవరూ అడగలా అప్పటిదాకా.

ఒక డౌటు, ఫార్మసీ అక్కా. గసగసాల సంగతి నిజమేనా? అమ్మ పంపిన మసాలాలో ఉంటాయి, నేను భయంతో పారేశా.

మందులషాపు_అక్క

నిజమే. గసగసాల పైన అంటుకునే పాల వల్ల మార్ఫిన్, కోడీన్ ఆనవాళ్ళు రావచ్చు. ఇందుకే ఫెడరల్ టెస్టుల్లో ఈ హద్దుని 1998లో 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచారు. ప్రైవేటు టెస్టుల్లో కొన్నిచోట్ల పాత హద్దే ఉంటుంది. అమెరికా రక్షణ శాఖ అయితే 2023లో సైనికుల్ని గసగసాలు అసలు తినొద్దంది. కోడికూరలో చెంచాడు నూరి వేస్తే ప్రమాదం తక్కువే గానీ, టెస్టు ఉందని తెలిశాక ఆ వారం మానేస్తే పోయేదేముంది? రుచి కోసం జీడిపప్పు వేసుకోండి. దుబాయ్ మీదుగా వెళ్ళేవాళ్ళు మాత్రం సూట్‌కేసులో అసలు పెట్టుకోవద్దు, అక్కడ నిషేధం.

తిరిగొచ్చా_కూకట్‌పల్లి

గసగసాలదేముంది, మా దగ్గర కల్లు సంగతి చెప్తా. సెలవులకు ఊరికి పోయి దోస్తులతో కల్లు తాగి, అమెరికా వెళ్ళగానే టెస్టు ఇచ్చేటోళ్ళు జాగ్రత్త. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్ (ఆందోళనకి, నిద్రకి వాడే మందులు) కలిపి పట్టుబడ్డ కేసులు ఎన్నో. 10 ప్యానెల్‌లో ఆ గుంపు కూడా ఉంటుంది. చెట్టు కల్లు అని ఎంత ఒట్టేసినా నమ్మొద్దు, మన కళ్ళ ముందు దించితే తప్ప.

థ్రెడ్ మొదలుపెట్టిన భాయ్, నేను నిరుడు అమెరికా నుంచి వచ్చేసిన, కారణం వేరే. వెనక్కి రావడం అంటే ప్రపంచం మునిగిపోయినట్టు ఏమీ కాదు. జీతం తగ్గింది, ట్రాఫిక్ నరకం, నిద్ర మాత్రం బాగుంది. కానీ తొందరపడి విమానం ఎక్కకు. 2025 సెప్టెంబర్ 21 నుంచి, దేశం బయట ఉండి హెచ్-1బి వీసా స్టాంపు లేనోళ్ళ కోసం వేసే కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టిండ్రు. నీ పాస్‌పోర్టులో స్టాంపు ఉందా, ఎప్పటిదాకా ఉందో ముందు చూడు. అది చూడకుండా పోతే మళ్ళీ రావుడు కష్టం.

నిద్రపట్టనివాడు

అందరికీ థాంక్స్. స్టాంపు గడువు అయిపోయింది. అంటే వెళ్తే ఇక అంతే అన్నమాట.

నిజం చెప్పాలంటే రాత్రుళ్ళు పిచ్చి ఆలోచనలు వస్తున్నాయి. నేను లేకపోతే కంపెనీ లైఫ్ ఇన్సూరెన్స్ అయినా వచ్చేది కదా అని లెక్కలు వేసుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఉద్యోగంతో అదీ పోయింది. నవ్వొచ్చింది కూడా. మీరు కంగారు పడకండి, ఊరికే రాశాను.

మందులషాపు_అక్క

ఊరికే రాసింది కాదు అది. నేరుగా అడుగుతున్నాను, చచ్చిపోవాలని అనిపిస్తోందా? అవునైనా కాదైనా ఇప్పుడే 988కి ఫోన్ గానీ మెసేజ్ గానీ చెయ్యండి. ఇరవై నాలుగు గంటలూ ఉంటారు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు, వీసా సంగతి వాళ్ళకి అనవసరం. తెలుగులో మాట్లాడాలనిపిస్తే చెప్పండి, దుబాసీని కూడా ఇస్తారు. ఇది చదివేవాళ్ళు ఇండియాలో ఉంటే టెలీ మానస్, 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీరు మాట్లాడి ఇక్కడ ఒక్క ముక్క రాసేదాకా నేను పడుకోను. రేపు ఉదయం ఆరింటికి షాపు తెరవాలి నేను, కాబట్టి తొందరగా రాయండి.

పద్దెనిమిది_చక్రాలు

నా నంబరు నీకు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టా. ఈ రాత్రంతా రెనో వైపు డ్రైవింగే, బ్లూటూత్‌లో ఉంటా. ఏమీ మాట్లాడకపోయినా పర్లేదు, నా సోది వింటూ ఉండు.

నిద్రపట్టనివాడు

మాట్లాడాను. ముందు 988, తర్వాత తణుకు అన్నతో. రేవు దాటేటప్పుడు లాంచీలో బజ్జీల గురించి గంట చెప్పాడు. అక్కా, పడుకోండి.

డల్లాస్_పెద్దనాన్న

నా మాట కటువుగా ఉంటే ఉండొచ్చు, కానీ తప్పు చెప్పలేదు. లీగల్ లీగల్ అంటున్నారు. వీసా దరఖాస్తు డీఎస్-160లో నియంత్రిత పదార్థాల చట్టం ఎప్పుడైనా మీరారా అని సూటిగా ఒక ప్రశ్న ఉంది. గ్రీన్‌కార్డు ఫారంలో ఉంది. 2019లో యూఎస్‌సీఐఎస్ స్పష్టంగా చెప్పింది, రాష్ట్రంలో లీగల్ అయినా సరే, గంజాయి వాడకం ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే, సిటిజన్‌షిప్‌కి అడ్డు రావచ్చని. కొలరాడో వెళ్ళి ఫోటోలు పెట్టే కుర్రాళ్ళు ఇది చదవాలి. ఇన్‌స్టాగ్రామ్ చూడరనుకుంటున్నారా?

పత్రాలపంతులు

ఈ ఒక్క విషయంలో పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. దానికి రెండో వైపు కూడా ఉంది. ఆ ప్రశ్నకి అబద్ధం రాస్తే అది జీవితాంతం వెంటాడే ఫ్రాడ్ అవుతుంది. కాబట్టి భయపడి "లేదు" అని గీసెయ్యకూడదు, భయపడి "అవును" అని కూడా గీసెయ్యకూడదు. మీరు కొన్నది ఏమిటో డబ్బాతో సహా లాయర్‌కి చూపించి, ఆయన రాయమన్నట్టు రాయాలి. గ్రీన్‌కార్డు మెడికల్ కూడా అంతే, అక్కడ సివిల్ సర్జన్ (ఆ పరీక్ష చేసే డాక్టరు) డ్రగ్స్ వాడకం గురించి అడుగుతాడు. లాయర్ని చూడకుండా ఆ గదిలోకి వెళ్ళొద్దు. గంట కన్సల్టేషన్‌కి అయ్యే ఫీజు ఈ విషయంలో దండగ కాదు.

కొత్త ఇంటర్వ్యూల్లో ఏం చెప్పాలి అని మెసేజ్‌లో అడిగారు. ప్రాజెక్టు ముగిసింది అన్నది నిజమే కదా, అదే చెప్పండి. మామూలు వెరిఫికేషన్‌లో తేదీలు, హోదా అడుగుతారు. "డ్రగ్ టెస్టులో ఎప్పుడైనా ఫెయిలయ్యారా" అని ఫారంలో నేరుగా ఉంటే మాత్రం అబద్ధం రాయకండి, ఆ ఉద్యోగం వదిలేసి ఇంకోటి చూడండి. హాస్పిటళ్ళు, బ్యాంకులు, ప్రభుత్వ ప్రాజెక్టులు టెస్టు అడుగుతాయి. చాలా ప్రొడక్ట్ కంపెనీలు సాఫ్ట్‌వేరు ఉద్యోగాలకి అసలు అడగవు.

ఇన్సూరెన్స్: కోబ్రా (ఉద్యోగం పోయాక పాత ఇన్సూరెన్సునే మన డబ్బుతో కొనసాగించుకోవడం) తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి 60 రోజులు ఉంటాయి, తీసుకుంటే వెనక తేదీ నుంచి వర్తిస్తుంది. పిల్లాడికి అవసరం పడితే అప్పుడు తీసుకోవచ్చు.

హెచ్4_వంటిల్లు

అన్నా, ఇంట్లో చెప్పారా?

నిద్రపట్టనివాడు

చెప్పాను. ఆదివారం మా వాడు నిద్రపోయాక. లేఆఫ్ అని మొదలుపెట్టాను, సగంలో నోరు తిరగలేదు, మొత్తం చెప్పేశాను. తను లేచి వెళ్ళి ఫ్రిజ్ మీద కుక్కర్ పక్కకి జరిపి ఆ డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టింది. తనకి ముందే తెలుసట అక్కడ ఉందని. నిద్రకి ఆయుర్వేదం ఏదో అనుకుందట. పారెయ్యబోతే పంతులు గారి మాట చెప్పి ఆపాను.

గమ్మీల గురించి తిట్టలేదు. ఉద్యోగం గురించీ తిట్టలేదు. "రోజూ టీ ఇచ్చాను కదా, ఒక్కరోజైనా చెప్పాలనిపించలేదా" అని అడిగి, ఇక ఆ రాత్రి మాట్లాడలేదు. మర్నాడు మాత్రం నోట్‌బుక్ తీసి లెక్కలు రాసింది. కారు ఒకటి అమ్మేద్దామంది. నాకే తెలియని ఒక చీటీ డబ్బు ఉందట, వాళ్ళ అన్నయ్య దగ్గర. ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.

నాన్నకి లేఆఫ్ అని మాత్రమే చెప్పాం. అది తన నిర్ణయం. ఊళ్ళో ఈ మాట ఎలా మారుతుందో తెలుసు కదా.

లాయర్ని కలిశాను. డబ్బా ఫోటోలు చూసి ఫైల్లో పెట్టుకున్నాడు. ఒక ప్రొడక్ట్ కంపెనీలో ఆఖరి రౌండు ఉంది, టెస్టు లేదని రిక్రూటర్ మాటల మధ్యలో తనే చెప్పింది. ఆఫర్ వస్తే ఎల్‌సీఏకి ఇంకా టైముంది, అంత ఎక్కువేం లేదు.

తిరిగొచ్చా_కూకట్‌పల్లి

ఆల్ ది బెస్ట్ భాయ్. ఆ చీటీ డబ్బు సంగతి మాత్రం మళ్ళీ మళ్ళీ అడగకు, ఇంకో చీటీ కూడా ఉండొచ్చు.

డల్లాస్_పెద్దనాన్న

నాన్నకి అబద్ధం చెప్పడం నాకు నచ్చలేదు.

హెచ్4_వంటిల్లు

మీకు నచ్చక్కర్లేదు పెద్దనాన్నగారూ.

కొత్తసభ్యురాలు_ఆస్టిన్

క్షమించాలి, ఇదే థ్రెడ్‌లో అడగొచ్చా? నాకు సోమవారం టెస్టు ఉంది. ఇండియాలో డాక్టరు ఆందోళనకి ఆల్ప్రజోలం రాశారు, సెలవుల్లో వెళ్ళినప్పుడు తెచ్చుకున్నాను. అప్పుడప్పుడు వేసుకుంటాను, ఇక్కడి ప్రిస్క్రిప్షన్ లేదు. ఫారంలో ఏమీ అడగలేదు.

మందులషాపు_అక్క

ఇండియా ప్రిస్క్రిప్షన్ కాగితం, షాపు బిల్లు, మాత్రల స్ట్రిప్ ఫోటో దగ్గర పెట్టుకోండి. పాజిటివ్ వస్తే రివ్యూ డాక్టరు ఫోన్ చేస్తాడు, తెలియని నంబరు అని ఎత్తకుండా ఉండొద్దు. ఆయనకి మాత్రమే చెప్పండి, హెచ్ఆర్‌కి ముందే చెప్పక్కర్లేదు. విదేశీ ప్రిస్క్రిప్షన్ ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం, గ్యారంటీ లేదు. ఈ లోపల ఇక్కడ ఒక డాక్టర్ని చూసి మందు కొనసాగించాలో మార్చాలో అడగండి. రోజూ వేసుకునేవాళ్ళయితే టెస్టు కోసమని ఒక్కసారిగా మానెయ్యకండి, ఫిట్స్ రావచ్చు. మీరు ఎంత వేసుకుంటారో నాకు మెసేజ్ చెయ్యండి.